విచారణలో సాంఘిక న్యాయ బృందం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పని మొదలుపెట్టే విధానం

క్రిస్మస్‌కి దుప్పట్లు, తపస్సు కాలంలో పిడికెడు బియ్యం, తుఫాను వస్తే పులిహోర పొట్లాలు. ఈ పనులు మన కతోలిక విచారణలకి (పారిష్‌లకి) బాగా అలవాటు. మానకూడదు కూడా. కానీ దుప్పటి అందుకున్న ముసలమ్మకి పింఛను ఎందుకు ఆగిపోయిందో కనుక్కునే మనిషి చాలా విచారణల్లో కనిపించడు. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకి, వితంతువులకి నెలకి 4,000 రూపాయలు, అంటే ఏడాదికి 48,000. ఏ పండగ పంపకమూ ఆమె ఇంటికి అంత చేర్చలేదు. పైగా అది ఆమెకి రావలసిందే, ఒకరు దయతలిచి ఇచ్చేది కాదు.

శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో 222వ నిబంధన ఈ రెండింటినీ విడివిడిగా చెబుతుంది. సాంఘిక న్యాయం కోసం పాటుపడటం విశ్వాసుల బాధ్యత, తమకున్నదాంట్లోంచి పేదలకి సాయపడటమూ బాధ్యతే. రెండోది చేస్తున్నాం కదా అని మొదటిది వదిలేయడానికి లేదు. పని పద్ధతి కూడా మనం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. బెల్జియంలో యువ కార్మికుల మధ్య పనిచేసిన జోసెఫ్ కార్డిన్ నేర్పిన మూడు మెట్లు, చూడు, నిర్ణయించు, చేయి, 1961లో 23వ జాన్ పోపుగారి విశ్వలేఖలోకి ఎక్కాయి. కింద రాసిందంతా ఆ మూడు మెట్లని మన జిల్లాల సచివాలయాలకి, కలెక్టరేట్‌లకి, కొండ గ్రామాలకి అన్వయించడమే.

ముందు మన ప్రహరీ గోడ లోపల

ఊరి మీదికి వెళ్లేముందు ఈ పని అయి తీరాలి. న్యాయం గురించి మాట్లాడేవారు ముందు తాము న్యాయంగా కనబడాలని 1971లో రోములో జరిగిన మేత్రాణుల (బిషప్పుల) సినడ్ తేల్చి చెప్పింది. ఫాదర్ గారు, సిస్టర్ గారు, విచారణ ఆర్థిక సంఘం సభ్యులు కూర్చుని ఒక మధ్యాహ్నం కేటాయిస్తే ఈ తనిఖీ పూర్తవుతుంది.

బడిలో ఆయాలకి, వాచ్‌మన్‌కి, హాస్టల్ వంటమనిషికి, ఉపదేశికి ఇస్తున్న జీతాలు ఒక కాగితం మీద రాయండి. కార్మిక శాఖ ప్రకటించిన కనీస వేతనాల పట్టిక పక్కన పెట్టి చూడండి. సంస్థలో 20 మందో అంతకు మించో పనిచేస్తుంటే భవిష్య నిధి కట్టాలి. పదిమందో అంతకు మించో ఉన్న చోట ఐదేళ్లు పనిచేసి మానేసిన టీచరుకి గ్రాట్యుటీ ఇవ్వాలి. సంతకం ఒక మొత్తానికి, చేతికిచ్చేది ఇంకో మొత్తం అన్న పద్ధతి ఎక్కడైనా ఉంటే అది ఆ నెలే ఆగాలి. అది ఆగేదాకా కూలీల బకాయిల గురించి యాకోబు లేఖ మీద ప్రసంగం చెప్పే హక్కు మనకి ఉండదు.

విచారణ భూమి కౌలుకిచ్చారా? అయితే కౌలురైతుకి పంట సాగుదారు హక్కు కార్డు వచ్చేలా సంతకం పెట్టండి. 2019 చట్టం ప్రకారం అది 11 నెలల ఒప్పందం. యజమాని సంతకం లేకపోతే కార్డు రాదు, కార్డు లేకపోతే పంట నష్టపరిహారం దాదాపుగా రాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలినప్పుడు సొంత భూమి లేని సాగుదారులు ఎంత ఇబ్బంది పడ్డారో ఇక్కడివాళ్లకి తెలుసు. ఆ కార్డు వల్ల భూమి మీద కౌలుదారుకి ఏ హక్కూ పుట్టదని చట్టంలోనే ఉంది. ఈ మాట మిగతా భూ యజమానులకి చెప్పి ఒప్పించాలంటే మొదటి సంతకం విచారణదే అయి ఉండాలి.

సమాధుల తోటలో గానీ గుడిలో కూర్చునే చోట గానీ వీధుల వారీగా, కులాల వారీగా గీతలు ఉన్నాయేమో చూడండి. దళితుల పట్ల వివక్ష పాపమని, శ్రీసభ లోపల కూడా అది ఉందని భారత మేత్రాణుల సమాఖ్య 2016లో విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో ఒప్పుకుంది. ఆ కాగితం విచారణ కార్యాలయంలో ఒక ప్రతి ఉండాలి.

ఇంకొకటి, పిల్లల రక్షణ. బడిలో, హాస్టల్లో, సత్యోపదేశ తరగతిలో పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. చెప్పకపోతే ఆరు నెలల వరకు శిక్ష, సంస్థ బాధ్యుడు దాచిపెడితే ఏడాది వరకు. "మనలో మనం మాట్లాడుకుందాం" అనే మాట ఇక్కడ నేరం. పిల్లల సాయానికి ఉన్న 1098 నంబరు గోడ మీద పిల్లల కళ్లకి అందే ఎత్తులో రాయించండి.

బృందం

ఏడుగురి నుంచి తొమ్మిదిమంది చాలు. ఇరవైమందితో కమిటీ వేస్తే ఫోటోకి బాగుంటుంది గానీ సోమవారం పొద్దున్న కలెక్టరేట్‌కి వెళ్లే మనిషి దొరకడు. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ప్రతి ఉపగ్రామం నుంచి ఒకరు. డ్వాక్రా సంఘంలో లెక్కలు రాసిన అనుభవం ఉన్న అమ్మ ఒకరు, రిటైరైన గుమస్తా గానీ టీచరు గానీ ఒకరు, ఫోన్‌లో ఫారాలు నింపగల డిగ్రీ పిల్లలు ఇద్దరు. పార్టీ పదవిలో ఉన్నవాళ్లని సలహాకి పిలవండి, బృందంలో పెట్టకండి. ఊళ్లో కతోలికులు కానివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే బృందానికి బలం.

బాధ్యత గృహస్థులదే (గురువులు కాని మామూలు విశ్వాసులదే) కావాలి. గురువులు రాజకీయ పార్టీల్లో చురుకుగా పాల్గొనకూడదని శ్రీసభ చట్టం 287వ నిబంధన చెబుతుంది. అదొక కారణం. అంతకంటే పెద్ద కారణం బదిలీలు. ఫాదర్ గారి చుట్టూ అల్లుకున్న బృందం ఆయన ట్రంకు పెట్టెతో పాటే వెళ్లిపోతుంది.

డబ్బు సంగతి. నెలకి 1,500 నుంచి 2,000 రూపాయలుంటే పని నడుస్తుంది: జిరాక్సులు, ఆటో, బస్సు, స్పీడ్ పోస్టు, సమాచార హక్కు ఫీజులు. దాన్ని విచారణలోనే పోగుచేయండి. విదేశీ విరాళం ఈ పనికి వాడకండి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థకి వచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకి మళ్లించడం కుదరదు. లెక్కలో చిన్న తేడా వచ్చినా మొత్తం మేత్రాసనం (బిషప్పు గారి పరిధి) చిక్కుల్లో పడుతుంది. సాయం పొందినవాళ్ల దగ్గర "చాయ్ ఖర్చులకి" అని కూడా రూపాయి తీసుకోకూడదు. ఈ నియమం తప్పిన రోజున మీరూ దళారులే.

చూడటం: ఇంటింటి జాబితా

మొదటి నెలంతా దీనికే. అర్జీలు రాయొద్దు. 200 పేజీల పొడుగు నోటు పుస్తకం తీసుకుని, చిన్న క్రైస్తవ సమాజం (ఇరుగుపొరుగు విశ్వాసుల గుంపు) ఒక్కొక్కదానికి ఇద్దరు చొప్పున వెళ్లండి. మన ఇళ్లతో ఆగకుండా ఆ వీధి మొత్తం తిరగండి. అడగాల్సినవి ఇవే: ఇంట్లో ఎవరెవరు, వయసులు, రేషన్ కార్డులో ఎవరి పేరు లేదు, పింఛను రావలసి ఉండి రానివాళ్లు, వికలాంగులకి సదరం (వైకల్య శాతం తెలిపే) ధ్రువపత్రం ఉందా, అందులో 40 శాతం దాటిందా, ఊరు విడిచి పనికి వెళ్లినవాళ్లు ఎక్కడ, ఏ మేస్త్రీ కింద, ఇంటి స్థలం, పొలం ఎవరి పేరున, కిడ్నీ జబ్బు, డయాలసిస్, బడి మానేసిన పిల్లలు.

అప్పులు, ఇంట్లో కొట్టడం, తాగుడు లాంటివి ఈ పుస్తకంలో రాయకండి. అవి వేరే చిన్న పుస్తకంలో, ఒక్కరి దగ్గరే, తాళం వేసి ఉండాలి. ఇంట్లో హింస గురించి ఆడమనిషి చెప్పుకుంటే మహిళల సాయానికి ఉన్న 181 నంబరు ఇవ్వండి, ఆమె అడిగితే తోడు వెళ్లండి. ఆమె ఒప్పుకోకుండా పెద్దమనుషుల పంచాయితీ పెట్టించడం పెద్ద తప్పు.

జాబితా అయ్యాక ఒక సాయంకాలం కూర్చుని చదవండి. ముప్ఫై రకాల బాధలు కనిపిస్తాయి. మొదటి ఆరు నెలలకి రెండే ఎంచుకోండి. ఎక్కువమందికి తగిలేది ఒకటి, త్వరగా తేలేది ఒకటి. త్వరగా తేలేది ఎందుకంటే, మూడు నెలల్లో నాలుగు పింఛన్లు వస్తే ఊరు నమ్ముతుంది. మొదటే భూమి తగాదా ఎత్తుకుంటే రెండేళ్లు తిరిగినా చూపించడానికి ఏమీ ఉండదు, బృందం చెదిరిపోతుంది.

అర్జీ

ఒక అర్జీలో ఒకే సమస్య. "మా ఊళ్లో రోడ్డు లేదు, పింఛను రాలేదు, వీధి దీపం వెలగదు" అని రాస్తే మూడు శాఖల మధ్య తిరిగి తిరిగి ఎక్కడో ఆగిపోతుంది. అర్జీ బాధితుల పేరున, వాళ్ల సంతకంతో ఉండాలి. విచారణ లెటర్‌హెడ్ మీద ఎప్పుడూ రాయకండి. లెటర్‌హెడ్ చూడగానే ఇది మతం పనేమో అనే అనుమానం వస్తుంది, పౌరురాలి హక్కు పక్కకి పోతుంది. ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారికి. నేను ఫలానా గ్రామం, ఫలానా సచివాలయం పరిధిలో ఉంటున్నాను. నా భర్త ఫలానా తేదీన చనిపోయారు. వితంతు పింఛను కోసం ఫలానా తేదీన సచివాలయంలో దరఖాస్తు ఇచ్చాను, సంఖ్య ఇది. ఇప్పటివరకు మంజూరు కాలేదు, కారణం కూడా రాతపూర్వకంగా తెలియజేయలేదు. నా దరఖాస్తును పరిశీలించి మంజూరు చేయాలని, కాని పక్షంలో కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాను. జతపరచినవి: మరణ ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు, దరఖాస్తు రసీదు నకళ్లు."

ఇందులో బరువైన వాక్యం ఆఖరిది. "కాని పక్షంలో కారణాన్ని రాతపూర్వకంగా" అని అడిగితే అధికారి ఏదో ఒకటి రాయాలి. ఏం రాసినా అది మీకు తర్వాతి మెట్టు.

మూడు ప్రతులు తీయండి. ఒకటి కార్యాలయానికి, ఒకటి మనిషికి, ఒకటి ఫైలుకి. మీ ప్రతి మీద కార్యాలయం ముద్ర, తేదీ, తీసుకున్నవారి పొట్టి సంతకం పడాలి. "ఇచ్చి వెళ్లండమ్మా, చూస్తాం" అంటే నవ్వుతూనే అక్కడే నిలబడండి. మరీ కుదరకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఫైలుకి అంటించండి. ముద్ర లేని అర్జీని మీ పుస్తకంలో లెక్క వేయకండి. ఏడాది చివర చూసుకుంటే చాలా బృందాల పని ఇక్కడే ఆవిరైపోయి ఉంటుంది: యాభైసార్లు తిరిగారు, చేతిలో తేదీ ఉన్న కాగితం ఒక్కటీ లేదు.

మెట్లు వరసగా ఎక్కాలి. మొదట సచివాలయం. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే మండలం. అక్కడా తేలకపోతే కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ నంబరు ఇస్తారు, 1100కి ఫోన్ చేసి ఆ నంబరు మీద ఎంతవరకు వచ్చిందో అడగవచ్చు. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్న రోజుల్లో వేదిక జరగదు, తేదీలు చూసుకుని వెళ్లండి. పని కాకుండానే "పరిష్కరించబడింది" అని సందేశం రావడం మామూలే. అప్పుడు కొత్త అర్జీ రాయకుండా పాత నంబరు మీదే తిరిగి తెరవమని అడగండి, లేకపోతే గడువు మళ్లీ మొదటినుంచి లెక్క పడుతుంది.

ఏ జిల్లాకి వెళ్లాలో కూడా సరిచూసుకోండి. 2022 ఏప్రిల్ 4 తర్వాత పాలకొండ, సీతంపేట, పార్వతీపురం, సాలూరు, కురుపాం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస విజయనగరంలో కలిశాయి. శ్రీసభ పటం, ప్రభుత్వ పటం ఒకటి కావు. విశాఖపట్నం నుంచి విడిపోయి 1993లో ఏర్పడిన శ్రీకాకుళం మేత్రాసనం కింద ఉన్నాం కదా అని సీతంపేట అర్జీని శ్రీకాకుళం కలెక్టరేట్‌కి పట్టుకెళితే రోజు కూలి పోతుంది.

అర్జీ కదలనప్పుడు సమాచార హక్కు చట్టం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై 10. తెల్ల రేషన్ కార్డు నకలు జతచేస్తే ఎక్కడా ఫీజు లేదు. జవాబుకి 30 రోజులు. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండోది. ప్రశ్న రాసే తీరులోనే సగం ఫలితం ఉంది. "నా పింఛను ఎందుకు ఇవ్వలేదు?" అని రాస్తే "అది సమాచారం కిందకి రాదు" అని తిప్పి పంపుతారు. "ఫలానా సంఖ్య గల నా దరఖాస్తు మీద ఏ తేదీన, ఏ హోదా గల అధికారి, ఏ చర్య తీసుకున్నారో తెలిపే ఫైలు పుటల నకళ్లు ఇవ్వగలరు" అని రాయండి. చాలాసార్లు జవాబు రాకముందే పింఛను వస్తుంది.

కోర్టు దాకా వెళ్లాల్సినవాటికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లా కోర్టుల్లో న్యాయ సేవాధికార సంస్థలున్నాయి. ఫోన్ 15100. స్త్రీలకి, పిల్లలకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలుని పెడతారు. బృందంలో ఒకరు అక్కడ పారా లీగల్ వాలంటీరుగా చేరితే మంచిది.

మన నేల మీద ఉన్న సమస్యలు

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్ల వేళ్లు దగ్గరగా చూడండి. పిక్క పెంకులో ఉండే జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది. ఏళ్ల తరబడి చేసినవాళ్లకి వేలిముద్ర గీతలు అరిగి నున్నగా అయిపోతాయి. పింఛను రోజున, రేషన్ ఈకేవైసీ రోజున యంత్రం ముద్ర తీసుకోదు, "రేపు రా" అంటారు. ఆ ఒక్కమాట వెనక నెల బియ్యం ఉంటుంది. ఏం చేయాలంటే, ఒకే వేలు పదిసార్లు నొక్కించకుండా పది వేళ్లూ ప్రయత్నించమనండి. కాకపోతే కంటిపాప, లేదా ముఖం గుర్తింపు అడగండి. అదీ కాకపోతే "వేలిముద్ర పడలేదు" అని తేదీతో రాసివ్వమని సచివాలయానికి అర్జీ పెట్టండి. ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ మార్పు చేయించడం కూడా ఈ జాబితాలోదే. పని దగ్గర నూనె, చేతి తొడుగులు యజమానే ఇవ్వాలనే మాట మే 1న, శ్రామికుడైన పునీత జోజప్ప పండగ రోజున గట్టిగా చెప్పదగ్గది.

ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఏ కారణంతో వస్తోందో ఇంకా తేలలేదు, కాబట్టి గుళ్లో కూర్చుని "నీళ్ల వల్లే", "కల్లు వల్లే" అని తీర్పులు చెప్పకండి. బృందం చేయగలిగినవి వేరే ఉన్నాయి. నలభై దాటినవాళ్లందరికీ ఏడాదికోసారి సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించి ఆ కాగితాలు వరసగా దాచడం మొదటిది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. సోంపేట, కవిటిలో డయాలసిస్ ఉంది. వారానికి రెండు మూడుసార్లు వెళ్లి రావడమే కుటుంబాన్ని కూల్చేస్తుంది, కాబట్టి ఒకే దారిలోని రోగులకి కలిపి ఆటో ఏర్పాటు చేయడం గొప్ప సాయం. డయాలసిస్ రోగులకి 10,000 రూపాయల పింఛను ఉంది. ఎవరికి రావడం లేదో మీ పుస్తకం చెబుతుంది. ఒళ్లునొప్పులకి ఆర్‌ఎంపీ దగ్గర మాత్రలు మింగే అలవాటు కిడ్నీలకి ముప్పు, ఈ హెచ్చరిక పూజ తర్వాత ప్రకటనల్లో నెలకోసారి వినిపించండి. రక్షిత నీటి కుళాయికి ఎన్ని రోజులకోసారి నీరు వస్తుందో కేలండర్ మీద గుర్తుపెట్టండి. మూడు నెలల గుర్తులున్న కేలండర్ ఫోటో వెంట జతచేసిన అర్జీని ఎవరూ "అలాంటిదేమీ లేదు" అని కొట్టిపారేయలేరు.

వలస. బస్సు ఎక్కేముందే ఒక కాగితం: మేస్త్రీ పేరు, ఫోన్, ఊరు, పని చోటు, రోజు కూలి, అడ్వాన్సు ఎంత, తోడు వెళ్లినవారు. ఆధార్ ఫోటో, ఒక బంధువు నంబరు. సముద్రం మీదికి వెళ్లేవాళ్లయితే బోటు పేరు, నంబరు కూడా. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మన జిల్లాల మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అలాంటి కష్టంలో మొదట అడిగేవి ఈ వివరాలే. పనిచోట రోజూ హాజరు చిన్న డైరీలో రాసుకోమని చెప్పండి. కూలి ఎగ్గొడితే కార్మిక శాఖ ముందు ఆ డైరీయే సాక్ష్యం. అడ్వాన్సు బాకీ ఉందని మనిషిని కదలనివ్వకపోవడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. ఆ ఫోన్ వస్తే అక్కడి కలెక్టరుకి, ఆర్డీవోకి అదే రోజు రాతపూర్వకంగా పంపండి, మేస్త్రీతో బేరాలకి దిగకండి. మన రేషన్ కార్డు మీద దేశంలో ఎక్కడైనా బియ్యం తీసుకోవచ్చన్న సంగతి వెళ్లే ప్రతివాళ్లకీ చెప్పండి.

సీతంపేట, పార్వతీపురం కొండల్లో సవర, జాతాపు కుటుంబాలకి పోడు భూమి. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనుడికి నాలుగు హెక్టార్ల వరకు హక్కు పత్రం రావాలి, భార్యాభర్తలిద్దరి పేరునా. ఫారం 'ఎ' నింపి గ్రామ అటవీ హక్కుల కమిటీకి ఇవ్వాలి. రెండు రకాల సాక్ష్యం కావాలి, ఊరి పెద్దల రాతపూర్వక వాంగ్మూలం వాటిలో ఒకటిగా చెల్లుతుంది. గ్రామసభకి సభ్యుల్లో కనీసం సగంమంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఇక్కడే ఎక్కువ దరఖాస్తులు చెడతాయి: సంతకాలు తక్కువ పడతాయి, ఏళ్ల తర్వాత అదే వంకతో తిరస్కరిస్తారు. తిరస్కరణ కాగితం అందిన 60 రోజుల్లో అప్పీలు వేయాలి.

కులం, ధ్రువపత్రం, దాడి

ఈ విషయంలో తెలిసీ తెలియని సలహా కుటుంబాలని ముంచుతుంది. ఎస్టీ హోదాకి మతంతో సంబంధం లేదు. జ్ఞానస్నానం తీసుకున్న సవర బిడ్డ ఎస్టీయే, కాదనే గుమస్తాని రాతపూర్వకంగా అడగండి. ఎస్సీ సంగతి వేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే పరిమితమై మొదలైంది, 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు, క్రైస్తవులని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలు, వారి సంతతి బీసీ-సి కిందకి వస్తారు. ఆ 1950 ఉత్తర్వు అన్యాయమని శ్రీసభ దశాబ్దాలుగా అంటోంది. నవంబరులో దళిత విమోచన ఆదివారం అందుకే. ఆ పోరాటం చేయాలి, కానీ అది గెలిచేదాకా ఒక పిల్ల దరఖాస్తులో ఏం రాయాలో బృందం నిర్ణయించకూడదు. 15100 ద్వారా వకీలుని కలిపించండి.

దళిత కతోలికుల మీద దాడి జరిగితే ఒక్క ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టాన్నే నమ్ముకోకండి. క్రైస్తవంలోకి మారినవారికి ఆ చట్టం రక్షణ వర్తించదని 2025లో మన హైకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి ఫిర్యాదులో కొట్టడం, బెదిరించడం, ఇంట్లో జొరబడటం అన్నీ సమయంతో సహా విడివిడిగా రాయండి, భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు పడతాయి. ముందు ఆసుపత్రికి వెళ్లి గాయాల రికార్డు చేయించండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు (జీరో ఎఫ్‌ఐఆర్) తీసుకోవాల్సిందే, నకలు ఉచితం. తీసుకోకపోతే ఫిర్యాదుని పోస్టులో ఎస్పీకి పంపండి. ఆ రసీదుతో మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లే దారి ఉంది.

పరిశ్రమ వస్తున్నప్పుడు

కాలుష్య నియంత్రణ మండలి పెట్టే ప్రజాభిప్రాయ సేకరణకి 30 రోజుల ముందు పత్రికలో ప్రకటన రావాలి, నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. ఆ సారాంశం తెచ్చి, చెరువులు, బీల (చిత్తడి నేల), వేట రేవులు, పశువుల మేత నేలలు అందులో ఉన్నాయో లేదో ఊరివాళ్లతో కలిసి ఒక్కొక్కటే గుర్తించండి. లేనివి రాతపూర్వక అభ్యంతరంగా ఇవ్వండి. సభలో కేకలు నివేదికకి ఎక్కవు, చేతికిచ్చిన కాగితం ఎక్కుతుంది. సోంపేట బీల నేలల్లో థర్మల్ ప్లాంటుని వ్యతిరేకించినవాళ్ల మీద 2010 జూలై 14న కాల్పులు జరిగి మనుషులు పోయారు. జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది కూడా అదే రోజు. బీల ఎలాంటి నేలో కాగితాల మీద నిరూపించిన అప్పీలే ఆ రద్దు తెచ్చింది. ఇప్పుడైతే అనుమతి ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లాలి.

పని చెడే చోట్లు, అప్పగింతలు

సాయం చేసేముందు ప్రార్థన చేయించడం, గుడికి రమ్మనడం, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం: ఈ మూడూ పూర్తిగా నిషిద్ధం. అవసరంలో ఉన్న మనిషి కాదనలేదు, అందుకే అడగకూడదు. పైగా ఒక్క ఫోటో చాలు, మత మార్పిడి ఆరోపణతో రెండేళ్ల పని తుడిచిపెట్టుకుపోవడానికి. ఎన్నికల ఏడాదిలో నాయకుడెవరైనా "మీ లిస్టు ఇవ్వండి, మేం చేయిస్తాం" అంటే ఇవ్వకండి. జాబితాలోని పేర్లు మీవి కావు.

పూజలో ఈ పనికి చోటు ఉండాలి, కానీ వ్యక్తుల పేర్లతో కాదు. విశ్వాసుల ప్రార్థనలో "కూలి అందని పనివారి కోసం" చాలు. సాధారణ కాలం 33వ ఆదివారం, 2017 నుంచి పేదల దినంగా జరుపుతున్న రోజున, ఏడాది లెక్క గుళ్లో చదవండి: ఎన్ని అర్జీలు, ఎన్ని తేలాయి, ఎన్ని మిగిలాయి, ఖర్చు ఎంత. తేలనివి దాచకండి.

ఫాదర్ గారి బదిలీ ఉత్తర్వు వచ్చిన వారంలోనే అప్పగింత జరగాలి. కొత్త ఫాదర్ గారి ముందు, బృందం అంతా ఉండగా: ఇంటింటి పుస్తకం, అర్జీల పుస్తకం, ముద్ర పడిన నకళ్ల ఫైలు, ఖర్చుల పుస్తకం, తాళం వేసిన చిన్న పుస్తకం ఎవరి దగ్గర ఉందో ఆ పేరు, రాబోయే 60 రోజుల్లో గడువు తీరే అప్పీళ్ల జాబితా. ఆఖరిదాన్ని పెద్ద అక్షరాలతో రాసి మొదటి పేజీకి అంటించండి. మిగతావి ఆలస్యమైనా మళ్లీ పట్టుకోవచ్చు, గడువు దాటిన అప్పీలుని దారిలోకి తేవడం చాలా కష్టం.